ఏం జాతి సార్ ఇది?

కుక్కను పట్టుకుని రోడ్డెక్కితే చాలు, ఎదురైన మనిషి బాగున్నారా అని కూడా అడగడు. "ఏం జాతి సార్ ఇది?" అంటాడు. ఊరకుక్కే అంటే పెదవి విరుస్తాడు. "గింత మంచిగ సాదుతున్రు, ఓ ల్యాబ్రడారో జర్మన్ షెపర్డో తెచ్చుకుంటే అయిపోవు గద" అని సలహా. బోధన్ బస్టాండు దగ్గర టీ కొట్టు కాడ ఈ మాట వినీ వినీ నాకు ఒళ్లు మండిపోతోంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే నిజామాబాద్‌కు సైబీరియా మంచులో బండ్లు లాగే హస్కీని తెచ్చి, ఏసీ గదిలో కట్టేసి, బొచ్చు రాలుతోందని డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్లను ఎవరూ ఏమీ అడగరు. ఈ నేల మీద పుట్టి ఈ ఎండకు ఓర్చుకున్న ప్రాణికే ఎక్కడలేని కులగోత్రాలు కావాలి.

మా కుక్క బెల్లం ఎడపల్లి దగ్గర చెరుకుతోటలో దొరికింది. మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన కూలీలు పని అయిపోగానే గుడిసెలు విప్పుకుని వెళ్లిపోయారు. వాళ్ల వెంట వచ్చిందో, ఇక్కడే పుట్టిందో, ఏడాది నిండని ఆడకుక్క ఒకటి ఎండుటాకుల మీద మిగిలిపోయింది. వెనకకాలికి కొడవలి గాటు. తోట మా బావది. "బామ్మర్దీ, పుండు మానేదాక నీ దగ్గర ఉంచు, ఎవరన్న అడుగుతే ఇచ్చేద్దాం" అన్నాడు. పశువుల దవాఖానాలో కుట్లు వేయించాం, రేబిస్ టీకా ఇప్పించాం, గాయం మానాక పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ చేయించాం.

కాలు బాగైన నాటి నుంచి అది నేల మీద నిలబడితే ఒట్టు. ప్రహరీ మీద నడిచేది. పసుపు మడి తవ్వేది. మంచం నవారు కొరికేది. అంతలో నిజామాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చి ముచ్చటపడి తీసుకుపోయింది. కొన్నాళ్లకే ఆటోలో తిరిగొచ్చింది. సోఫా చింపిందట, ఒక్క కాడ కూసోదట. ఆటో దిగీ దిగగానే వాకిలంతా గిర్రున తిరిగి, నీళ్ల బకెట్టు తన్నేసి, వంటింట్లోకి దూరి మా ఆవిడ కాళ్ల మధ్య పడింది. "ఇగ ఇది యాడికీ పోదు" అంది ఆమె. ఆ మాటతో అది మా ఇంటిదైంది.

దాని ఉరుకులాటను అల్లరి అంటే నేనొప్పుకోను. తరతరాలుగా రాత్రంతా తిరిగి తిండి వెతుక్కున్న జాతి అది. తోటలో ఉంటే అడవిపందుల వెంట పడేది. కొల్లేరు వైపు జోనంగి అని మన సొంత జాతి కుక్క ఒకటుంది. బాతుల మందలను కాసేది. దాన్ని తెచ్చి రెండు గదుల్లో పెట్టి బుద్ధిగా ఉండమంటే ఉంటుందా? పనిచేసే ప్రాణికి పనివ్వాలి. మేం ముక్కుకు పని పెట్టాం. పాత గోనెసంచి మడతల్లో జొన్నరొట్టె తునకలు దాచి పెరట్లో పడేస్తాం. అది ముందు చుట్టూ తిరుగుతుంది. తర్వాత ముక్కు సంచికి ఆనించి బుస్సు బుస్సుమని గాలి పీలుస్తుంది. ఒక చెవి నిటారుగా, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. తోక ఆడటం ఆగిందంటే తునక దొరికినట్టే. పంటితో మడత లేపి, నాలుకతో లాగి, మళ్లీ మొదలుపెడుతుంది. మైలు దూరం పరిగెత్తించినా అలవని కుక్క, ఈ వెతుకులాట అయ్యాక నీడకు చేరి ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది.

కుక్కలంటే భయపడేవాళ్లను నేను తప్పుపట్టను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ని కుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసినవాళ్లు ఎన్ని రోజులు అన్నం తినలేకపోయారో నాకు తెలుసు. వీధికుక్కలకు ఆపరేషన్లు చేయించి, టీకాలు వేయించమని అదే ఏడాది మార్చిలో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. వాటిని ప్రతి మున్సిపాలిటీ నిజంగా అమలుచేసి, చేతనైన ప్రతి ఇల్లూ ఒక్క వీధికుక్కను తెచ్చుకుంటే చాలా భయం తగ్గుతుంది. జాతి కుక్కకు పోసే వేల రూపాయలు అందుకు అక్కర్లేదు.

వీధికుక్క ఎందుకూ పనికిరాదనేవాళ్లకు లైకా సంగతి చెబుతాను. 1957 నవంబరు 3న సోవియట్‌లు అంతరిక్షంలోకి పంపిన లైకా మాస్కో వీధుల్లో పట్టిన కుక్క. ఆకలికీ చలికీ అలవాటుపడ్డవి తట్టుకుంటాయని శాస్త్రవేత్తలు ఏరి మరీ వీధికుక్కలనే తీసుకున్నారు. పాపం, తిరిగి తెచ్చే ఏర్పాటు లేకుండానే దాన్ని పంపారు. అంత దూరం ఎందుకు, మన భారతమే చూడండి. నన్నయ ఆదిపర్వంలో మొదట్లోనే సరమ కథ ఉంది. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు కొట్టారు. దాని తల్లి నేరుగా రాజు ముందుకొచ్చి, ఏ తప్పూ చేయని బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. దీనులకు కీడు చేస్తే ఎదురుచూడని భయాలు వచ్చిపడతాయంది. చక్రవర్తి వణికిపోయాడు. భీముడు బకాసురుణ్ని చంపిన ఏకచక్రపురం మా బోధనేనని చెప్పుకునే మేం సరమను కూడా గుర్తుపెట్టుకోవాలి.

పొద్దున్నే బెల్లాన్ని షక్కర్‌నగర్ వైపు తీసుకుపోతాను. చక్కెర ఫ్యాక్టరీ గోడ వెంట మనుషులు తక్కువ, దానికి వాసనలు ఎక్కువ. నాకు మాత్రం అక్కడ రావాల్సిన వాసన రాదు. చిన్నప్పుడు చలికాలం తెల్లవారుజామున మడ్డి వాసన బోధన్ అంతా కమ్మేది. నిజాం 1937లో పెట్టించిన మిల్లు అది. ఆసియాలోనే పెద్దదని మా మాస్టార్లు ఛాతీ విరుచుకుని చెప్పేవారు. క్రషింగ్ మొదలైతే కాంటా దగ్గర బండ్లు రాత్రంతా బారులు తీరేవి. మేం వెనక నుంచి గడలు లాక్కుని పారిపోయేవాళ్లం. నిజాంసాగర్ కాలువ నీళ్లకు పెరిగిన ఆ గడ పంటితో చీలిస్తే రసం మోచేతి దాకా కారేది. 2002లో దాన్ని ప్రైవేటు చేతుల్లో పెట్టారు. 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపిస్తామని 2024లో కమిటీ వేశారు. క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్లు హైదరాబాద్‌కూ గల్ఫ్‌కూ పోయారు. మా బావ సగం చెరుకు తీసేసి వరి వేశాడు. మిగిలిన చెరుకు లారీల్లో కామారెడ్డి వైపు పోతుంది. గేటు ముందు నిలబడితే చాలు, ఆయన లెక్క చెప్పడం మొదలుపెడతాడు: చెరుకు ఒకసారి నాటితే పిలకల మీద ఇంకో రెండు పంటలు, వరికైతే ఏటా నారు, నాట్లు, కూలీలు, రవాణా ఖర్చు లేకపోతే టన్నుకు ఇంత మిగులు. "మిల్లు నడవనియ్యి, తెల్లారే వరి తీసి చెరుకు పెడ్త" అంటాడు. పెడతాడు కూడా.