పావగడ ఎండలో వంటకాల పటాలు

బెంగుళూరు నుండి పావగడకు సుమారు 160 కిలోమీటర్లు. తుమకూరు, కొరటగెరె, మధుగిరి మీదుగా బస్సు పోతుంది. శనివారం నాడు ఆ బస్సులో కూర్చోవడానికి చోటు దొరికిందంటే అది శనిమహాత్ముని కరుణ అనే చెప్పాలి. ఆ ఊళ్ళోని శనిమహాత్ముని గుడికి కర్ణాటక నుండీ, ఆంధ్ర నుండీ ఆ రోజున జనం విరగబడి వస్తారు. మేము మాత్రం మొన్న వేసవిలో దైవదర్శనం కోసం పోలేదు. మా అక్కగారి ఇంట ఒక పంచాయతీ తీర్చవలసి ఉండి, మేమిద్దరమూ రెండు రోజులు సెలవు చూసుకొని బయలుదేరాము.

దారిలో మధుగిరి దగ్గర ఒకే బండగా ఆకాశానికి లేచిన కొండను చూడడం ఎన్నిసార్లు పోయినా తనివి తీరని పని. అది దాటిన తరువాత పచ్చదనం క్రమంగా పలచబడుతుంది. బండరాళ్ళు, కంప చెట్లు, ఎర్రమట్టి. పావగడ సమీపించేసరికి పాళెగాండ్రు ఏలిన కోటను తలమీద మోసుకొని మరొక కొండ ఎదురవుతుంది. ఈ తాలూకా ఉన్నది కర్ణాటకంలోనే అయినా మూడు వైపులా ఆంధ్ర దేశమే. అంగళ్ళ బోర్డులు కన్నడం, అంగట్లో బేరం తెలుగు. ఆఫీసులో పగలంతా కన్నడంలో టిప్పణీలు రాసి, సాయంకాలం ఇంటికి వచ్చి తెలుగులో పోట్లాడుకొనే మావంటి వారికి ఆ ఊళ్ళో దిగగానే ప్రాణం కుదుట పడుతుంది.

ఇక పంచాయతీ సంగతి. మా అక్క కొడుకు బెంగుళూరులో ఒక స్టూడియోలో నాలుగేళ్ళు సహాయకుడిగా పనిచేసి, తరువాత తానే ఒక గది అద్దెకు తీసుకొని ఫొటోలు తీశాడు. పెళ్ళి ఫొటోలు కావు. తిండి ఫొటోలు. ‘తిండికి కూడా ఫొటోలా?’ అని మన సంఘంలోని పెద్దలు నవ్వవచ్చు. మేమూ నవ్వాము. కాని 2014లో బెంగుళూరులోనే పుట్టిన స్విగ్గీ వంటి కంపెనీల పుణ్యమా అని, ఇప్పుడు మనిషి హోటలు గుమ్మం తొక్కకుండానే బొమ్మ చూసి దోసె తెప్పించుకుంటున్నాడు. వాసన పీల్చడానికి లేదు, పెనం మీది చప్పుడు వినడానికి లేదు. ఆకలి పుట్టించవలసిన భారమంతా ఆ బొమ్మదే. కనుక అదొక వృత్తి అయింది.

వృత్తి బాగానే ఉన్నది గాని గది అద్దె దానిని మింగివేసింది. పోయిన సంవత్సరం అతడు గది ఖాళీ చేసి, కెమేరా, దీపాలు మూట కట్టుకొని, తిరుమణి దగ్గరి తన పల్లెకు వచ్చేశాడు. ఇంట్లోనే స్టూడియో పెడతాననీ, దగ్గరనుండి తీసే మంచి లెన్సు, రెండు దీపాలు, ఒక కంప్యూటరు, పైకప్పు మరమ్మతు కలిసి మూడు లక్షలు అవుతుందనీ, మా ప్రావిడెంటు ఫండు నుండి అప్పు తీసి ఇవ్వమనీ అడిగాడు. అదే వారంలో మా అక్క ఫోను చేసి, “ఒరే తమ్ముడూ, వానికి ఒక్క పైసా ఇచ్చినావంటే నా గడప తొక్కొద్దు” అన్నది. ఇద్దరిలో ఎవరి మాట కాదన్నా బంధుత్వం చెడేటట్లున్నది. అందుచేత కళ్ళారా చూసి మాట్లాడుదామని వెళ్ళాము.

మా అక్క భయానికి కారణం లేకపోలేదు. ఆ పల్లెల చుట్టూ ఉన్నది ‘శక్తి స్థల’ అనే సౌరవిద్యుత్ కేంద్రం. 2018 మార్చి 1న ప్రారంభమైంది. బళసముద్ర, తిరుమణి, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు అనే ఐదు గ్రామాలలో దాదాపు 13,000 ఎకరాల మీద పరచుకొని ఉన్నది. 2,050 మెగావాట్ల శక్తి. భూములు కొనలేదు, రైతుల దగ్గర గుత్తకు తీసుకున్నారు. మొదట ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి ఐదు చొప్పున పెంపు. మా అక్కవాళ్ళది ఐదెకరాలు. అంటే మొదటి లెక్కన ఏడాదికి 1,05,000. వాన నమ్ముకొని చెనిక్కాయ వేసి, ఒక ఏడు పండి మూడేళ్ళు ఎండిన వారికి అది ఖాయమైన డబ్బే. కాని ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఉన్న ఆధారమూ అదొక్కటే. “భూమి అద్దాల కిందికి పోయె. అద్దెడబ్బు వీని దీపాల కిందికి పోతే మేమేం తినాల?” అని మా అక్క ప్రశ్న.

ఆ సాయంకాలం ఊరి పక్క గుట్టమీదికి ఎక్కి చూశాము. కనుచూపు మేర నల్లని నీలిరంగు పలకలు, ఎండ వాలుతుంటే మిలమిల మెరుస్తూ, అచ్చంగా నిండు చెరువులా కనబడ్డాయి. తాగే నీటిలో ఫ్లోరైడు, బోరుబావిలో దుమ్ము, కరువు తాలూకా అని పేరు. అటువంటి చోట చెరువును తలపించే ఆ దృశ్యం చూసి మేమిద్దరమూ చాలాసేపు మాట్లాడలేదు.

మరునాడు ఉదయం ఎనిమిదింటికే పని మొదలయింది. హిందూపురం వైపు రాగిపిండి, ఉలవలు పొట్లాలు కట్టి అమ్మే ఒక చిన్న వ్యాపారి పొట్లం మీదికి బొమ్మ కావాలన్నాడట. ముద్ద, ఉలవచారు, పక్కన వేయించిన చెనిక్కాయలు. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత, ఒకప్పుడు పేదల కూడు అని ముఖం తిప్పుకున్న రాగికి పట్నంలో మర్యాద పెరిగింది గదా!

మేము స్టూడియో అంటే ఏవో యంత్రాలు అనుకున్నాము. ఉన్నది నడవలో ఒక పాత బల్ల, ఉత్తరపు కిటికీ, కిటికీకి కట్టిన మా బావగారి తెల్ల పంచె, ఎదురుగా నిలబెట్టిన థర్మకోలు పలక. అంతే. వెలుతురు ఎదురునుండి పడితే పదార్థం బల్లపరుపుగా, జబ్బు మనిషి ముఖంలా కనిపిస్తుందట. పక్కనుండో, కొంచెం వెనకనుండో పడితే ముద్ద గుండ్రమూ, చారు మీది తేటా తెలుస్తాయి. నీడ మరీ నల్లబడకుండా థర్మకోలు కొంత వెలుతురును తిప్పి పంపుతుంది. ఎండ సూటిగా పడకుండా పంచె వడకడుతుంది.

“మామా, ఈ పని నేర్పే పుస్తకాలన్నిట్లో ఉత్తరపు కిటికీ మేలని రాస్తారు. ఆ కిటికీలోంచి ఎండ రాదు, వెలుతురు మాత్రమే వస్తుందని. అది చలిదేశాల మాట. మనది 14 డిగ్రీల అక్షాంశం. ఏప్రిల్ ఆఖరు నుండి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరానికే ఉంటాడు. అందుకే పంచె కట్టినాను” అన్నాడు మేనల్లుడు. సూర్యుణ్ణి ఇంత శ్రద్ధగా చూసినవాడు పంచాంగం వాళ్ళు గాక మరొకడు మాకు తారసపడలేదు.

వంట మా అక్కదే. కోపం కోపంగానే పొయ్యి వెలిగించింది. అంతలో ఆ వ్యాపారి మనిషి ఒకాయన వచ్చి, ముద్ద బాగా మెరవాలి, పైన గ్లిజరిన్ పూయండి, చారులో ఉలవలు మునిగిపోకుండా అడుగున ఏదైనా పెట్టండి అన్నాడు. మేనల్లుడు ఒప్పుకోలేదు. ఈ వృత్తిలో అటువంటి కిటుకులు ఎన్నో ఉన్నాయట. ఐస్‌క్రీము దీపాల వేడికి కరుగుతుందని ఉర్లగడ్డ ముద్ద పెట్టడం, మంచుగడ్డలకు బదులు ప్లాస్టిక్ గడ్డలు వేయడం వగైరా. అమెరికాలో క్యాంప్‌బెల్ అనే సూప్ కంపెనీ ప్రకటనలలో గిన్నె అడుగున గాజు గోళీలు వేసి కూరముక్కలు పైకి తేలేటట్లు చూపించారు. విషయం బయటపడి, అటువంటి పని ఇక చేయరాదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1970లో ఉత్తర్వు ఇచ్చింది. మన దేశంలోనూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో నియమాలు వచ్చాయి. మేనల్లుడు ఇదంతా ఆయనకు నిదానంగా చెప్పాడు.

మా అక్కకు చట్టాలు అక్కరలేకపోయాయి. వంటింట్లోంచే, “తినేదానికి పనికిరాని కూడు నా ఇంట్లో ఉడకదు” అన్నది.

కాని చిక్కు నిజమైనదే. ముద్ద పళ్ళెంలోకి వచ్చిన నాలుగైదు నిమిషాలకే పైపొర ఆరి, మట్టిగడ్డలా వెలవెలపోతుంది. మొదటి ముద్ద అట్లాగే పాడయింది. రెండవదీ అంతే. వెలుతురు చూసుకొని, పళ్ళెం జరిపి, కెమేరా సరిచేసేలోగా మెరుపు పోయింది. వ్యాపారి మనిషి గడియారం చూసుకున్నాడు. మేనల్లుడి ముఖాన చెమట.

అప్పుడు మా అక్క వంటింట్లోంచి వచ్చింది. “ముందు ఆ పళ్ళెంలో గుండ్రాయి పెట్టి నీ కెమేరా అంతా సరిచేసుకో. అయినాక నన్ను పిలువు” అని రోటిబండ ఇచ్చి లోపలికి పోయింది. అతడు అట్లాగే చేశాడు. మా అక్క ఎసట్లో పిండి పోసి, ఉడికినాక కట్టెతో గెలికి, వేడి వేడిగా పలకమీద వేసి, చేయి చల్లనీళ్ళలో ముంచి రెండు చుట్లు తిప్పింది. పళ్ళెంలో పెట్టి, మరొకసారి తడిచేత్తో ముద్ద నెత్తిన నిమిరింది. ఇంట్లో బిడ్డలకు పెట్టేటప్పుడు ఎప్పుడూ చేసే పనే అది. ముద్ద నూనె రాసిన బాలింత బిడ్డలా నిగనిగలాడింది. ఒక్క నిమిషంలో ఆరు ఫొటోలు తీశాడు. వ్యాపారి మనిషి తెరమీద చూసి, గ్లిజరిన్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఫొటో అయిన తిండిని పారవేయడం ఈ వృత్తిలో మామూలట. మా అక్క ఇంట అది చెల్లలేదు. వెనకింటి ఆవిడను కూడా పిలిచి అందరికీ వడ్డించింది. ఆమెకు సెంటు భూమి లేదు. ఒకప్పుడు ఈ చేలలో కలుపు తీసి, కాయ పీకి బ్రతికింది. భూమి ఉన్నవారికి గుత్త వస్తున్నది. కూలి చేసినవారికి ఏమీ రాదు. పలకల కింద గడ్డి కోసే పని కొన్నాళ్ళు దొరికి కొన్నాళ్ళు దొరకదు. ఆమె ఫొటోకు పెట్టిన చెనిక్కాయలు రెండు నోట్లో వేసుకొని, “ఇవి మన చేలోవి కాదు గదా అక్కా?” అన్నది. కాదు. చెళ్ళకెరె నుండి వచ్చినవి, అంగట్లో కొన్నవి. పొట్లం మీద మన పల్లె చెనిక్కాయ అని కనబడబోతున్నదానికి మన పల్లెలో చేను లేదు. ఈ మాటకు ఎవరమూ బదులు చెప్పలేకపోయాము.

భోజనమయినాక మేనల్లుడి లెక్కల పుస్తకం అడిగాము. ఇరవై ఏండ్లు గుమాస్తాగిరి చేసిన మాకు ఫొటో మంచిచెడ్డలు తెలియకపోవచ్చు గాని జమాఖర్చు తెలుసు. పని ఉన్నది, రాబడి ఉన్నది, చేతికి వచ్చినది లేదు. 1,12,000 రూపాయలు బాకీ. ఒక్కరి దగ్గరా బయానా తీసుకోలేదు. కాగితం లేదు. ఒక హోటలువారు మెనూ కార్డుకని తీయించుకున్న ఫొటోను పెద్ద పెద్ద బోర్డుల మీద వేసుకున్నారు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు హక్కుదారు తీయించుకున్నవారే అని చెబితే తెల్లబోయాడు.

చివరకు మేమిద్దరమూ ఆలోచించి తీర్పు చెప్పాము. మూడు లక్షలు ఇవ్వము, లక్షన్నర ఇస్తాము. లెన్సు, కప్పు మరమ్మతు, అంతవరకే. దీపాలు తరువాత. అంతవరకు సూర్యుడు ఉచితంగా వస్తాడు. సగం బయానా రాకుండా కెమేరా ముట్టరాదు. ఏ ఫొటో ఎక్కడ, ఎన్నాళ్ళు వాడుకోవచ్చునో కాగితం మీద రాసుకోవాలి. బిల్లుకు వరుస సంఖ్య ఉండాలి. ఏడాదికి 20 లక్షల లోపు రాబడికి జి.ఎస్.టి. నమోదు అక్కరలేకపోయినా పుస్తకం మాత్రం సక్రమంగా ఉండాలి. భూమి అద్దె డబ్బు ఒక్క రూపాయి కూడా ఇందులో కలపరాదు.

మా అక్క అంతా విని, “ఇంకొకటి రాయి. వంటకు కూలి. నాకొద్దు, వెనకింటి ఆమెకు. పళ్ళేలు తోమి, సామాను సర్దేదానికి ఆమె వస్తాది” అన్నది. అదీ రాశాము. గడప తొక్కవద్దన్న మాట ఆమె మరిచిపోయినట్లే ఉన్నది, మేమూ గుర్తు చేయలేదు.

తిరుగు బస్సులో, మేము చేసినది మంచో చెడో తేల్చుకోలేక మధుగిరి దాకా వాదించుకున్నాము. డబ్బు మాత్రం నెలలోగా పంపాము. మూడు నెలలుగా వాయిదా సొమ్ము ఐదో తారీఖుకు తప్పకుండా వస్తున్నది. ఇకముందూ వస్తుందో లేదో కాలమే చెప్పాలి.

మొన్న ఆదివారం మా అక్క ఫోను చేసింది. “రేపు ఓళిగలు చేయమంటాడురా, ఫొటోకంట. రెండు చాలంటాడు. ఎవరైనా రెండు ఓళిగలు చేస్తారా? ఇరవై మందికి చేస్తాండాను” అన్నది.