సిఫారసు

సిఫారసు మా ఇంటి మాటే, ఉర్దూ నుంచి తెలుగులోకి పోయింది. సర్కారు నౌకరీలో అది తప్పు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దాన్నే రెఫరల్ అంటారు. మనిషిని తెచ్చిన ఉద్యోగికి బోనస్ కూడా ఇస్తారు.

లోపల నలుగురుంటే ఐదోవాణ్ణి లాగుతారు. మరి మొదటివాడు ఎట్లా పోవాలి? 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ పాతబస్తీకి ఇదే చిక్కు.

మా ఆపా కొడుకు అమీర్‌పేటలో జావా నేర్చుకున్నాడు. లింక్డిన్‌లో కనపడ్డవాళ్లందరికీ సలాములు పెడుతున్నాడు. మా చుట్టాలా, జెద్దాలో డ్రైవర్లు, దుబాయిలో ఏసీ మెకానిక్కులు. పేరు చూసి వద్దన్నారా అంటే, వద్దన్నవాడూ లేడు, పిలిచినవాడూ లేడు. ఎవరి మీదని ఫిర్యాదు చేస్తాం?

"మామూ, మీరు పేపరోళ్లు గదా, ఎవరన్న ఎరుకేనా?" అన్నాడు నిన్న.

మంత్రులు ఎరుకే. టీం లీడర్ ఒక్కడూ ఎరుక లేడు.