'వేస్తాం' అంటే ఎప్పుడు?

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి

కాలం ఎవరికోసమూ ఆగదని పెద్దలంటారు. ఇంగ్లీషు గ్రామరు పుస్తకంలో మాత్రం అది పన్నెండు గళ్ళ పట్టికలో బుద్ధిగా కూర్చుని ఉంటుంది. భూత, వర్తమాన, భవిష్యత్తులు మూడు, ఒక్కొక్కదానికి నాలుగేసి రూపాలు, వెరసి పన్నెండు. ఆ పట్టికను బట్టీ పట్టకుండా హైస్కూలు దాటినవాడు మన హాస్టల్లో ఒక్కడూ ఉండడనుకుంటాను. సైన్సు చదివేవాడికి ఈ వ్యాకరణం గొడవ ఎందుకని సాహిత్య విభాగం మిత్రులు నవ్వవచ్చు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే ఉండాలని 2021లో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకొద్దు. పల్లెటూరి బడిలో తెలుగులో చదివి వచ్చినవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో లెక్కల్లో చురుకైన మిత్రుడొకడు సెమినారులో లేచి, "ఐ హావ్ డన్ దిస్ ఎక్స్‌పెరిమెంట్ ఎస్టర్డే" అన్నాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఏడాదంతా అతను సెమినారులో నోరు విప్పలేదు. అతని ప్రయోగం తప్పు కాదు, లెక్క తప్పు కాదు. 'హావ్' అన్న చిన్న మాట ఒకటి ఎక్కువైంది, అంతే! ఆ ఒక్క మాటకు అంత శిక్షా అని నాకనిపించింది. అసలు ఆ మాట అక్కడ ఎందుకు ఉండకూడదో తెలుసుకోవాలనిపించింది. ఈ వ్యాసానికి మూలం అదే.

"పెన్ను పోయింది" అని మనం అంటాం. నిన్న పోయి రాత్రికి దొరికినా పోయింది; ఇప్పటికీ దొరక్కపోయినా పోయిందే. ఇంగ్లీషువాడు ఈ రెంటినీ విడదీస్తాడు. 'ఐ లాస్ట్ మై పెన్' అంటే అప్పుడెప్పుడో జరిగిన సంగతి, తలుపు మూసేసిన గది. 'ఐ హావ్ లాస్ట్ మై పెన్' అంటే దాని ఫలితం ఇప్పటికీ మన ముందుంది, జేబు ఖాళీ. 'హావ్' వచ్చిందంటే ఆ మాట వర్తమానంతో ముడిపడిందన్న మాట. 'ఎస్టర్డే' అనేది ఆ ముడిని తెంపేస్తుంది. కాబట్టి రెండూ ఒకచోట ఇమడవు. తెలుగు క్రియలో ఈ భేదం లేదు గనుక మన మిత్రుడికి అది తోచలేదు. అతని బుర్రలో లోపం ఏమీ లేదు. అతని భాష ఆ గీత అక్కడ గీయలేదు.

మరి మన భాష గీతలే గీయదా? గీస్తుంది, వేరేచోట గీస్తుంది. 'తిన్నాను' వేరు, 'తినేశాను' వేరు, 'తిని చూశాను' వేరు, 'తినిపెట్టాను' మరీ వేరు. ఎప్పుడు చేశామన్నదానికంటే ఎలా చేశామన్నదాని మీద మనకు మక్కువ ఎక్కువ. గడియారాన్ని లెక్కచేయని సందర్భాలు కూడా ఉన్నాయి. అమ్మ వంటింట్లోంచి పిలిస్తే మంచం దిగకుండానే "వచ్చేశా, వచ్చేశా" అంటాం. రోడ్డు మీద ఇంకా దుమ్ము తప్ప ఏమీ కనపడకముందే "అదిగో బస్సొచ్చేసింది" అని మూటలు ఎత్తుకుంటాం. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెప్పడం మనకు అబద్ధం కాదు, నమ్మకం. ఇక సెలవు పుచ్చుకునేటప్పుడు "వెళ్తాను" అంటే అశుభమని "వెళ్ళొస్తాను" అంటాం. మా రూమ్మేటు ఒకడు ఉత్తరాది నుంచి వచ్చిన ప్రొఫెసరుగారితో వినయంగా "ఐ విల్ గో అండ్ కమ్ సార్" అని సినిమాకు చక్కాపోయాడు. పాపం, ఆయన చాలాసేపు వీడికోసం కూర్చున్నారు!

ఒక్క తెలుగులోనే ఎన్ని తీర్లో చూడండి. మా హాస్టల్లో గుంటూరు వైపువాడు 'వచ్చాడు' అంటాడు, వరంగల్ వైపువాడు 'వచ్చిండు' అంటాడు, అనంతపురంవాణ్ణి నేను 'వచ్చినాడు' అంటాను. వాళ్ళ 'వస్తున్నాడు', 'వస్తున్నడు'లకు మాది 'వస్తాండాడు'. మెస్సులో ఒకే బల్ల దగ్గర మూడు వరసలూ వినపడతాయి. ఎవరికీ ఎవరి మాటా అర్థం కాకుండా పోలేదు.

ఇతర భాషల సంగతి లైబ్రరీలో చదివితే ముచ్చటేసింది. హిందీలో 'కల్' అంటే నిన్నా అదే, రేపూ అదే. 'కల్ ఆయా', 'కల్ ఆయేగా' అన్నప్పుడు క్రియను బట్టి అది ఏ రోజో తెలుసుకోవాలి. చైనావాళ్ళ మాండరిన్ భాషలో కాలాన్ని బట్టి క్రియ రూపం మారనే మారదు. నిన్న, రేపు అన్న మాటలతో, పని పూర్తయిందని తెలిపే 'ల' వంటి చిన్న అక్షరాలతో వాళ్ళ వ్యవహారమంతా సాగుతుంది. సంస్కృతంలో భూతకాలానికే మూడు లకారాలున్నాయి. సామాన్యంగా జరిగినదానికి లుఙ్, ఈ రోజు కాకుండా అంతకు ముందు జరిగినదానికి లఙ్, తాను కళ్ళారా చూడనిదానికి లిట్. చూసినదానికీ చూడనిదానికీ తేడా పెట్టడం టర్కీ భాషలోనూ ఉంది. వచ్చినట్టు తనకు తెలిస్తే 'గెల్ది', వచ్చాడని ఎవరో చెబితే 'గెల్మిష్'. ఇది చదివి ఆశ్చర్యపోతూండగా తట్టింది: మన అవ్వలు రోజూ చేసే పని ఇదే కదా! "వచ్చాడు" అంటే సాక్ష్యం, "వచ్చాడట" అంటే పుకారు. ఆ ఒక్క 'ట' తో మాట బాధ్యతను అవతలివాడి నెత్తిన పెట్టేస్తాం.

పన్నెండు గళ్ళున్న ఇంగ్లీషులో సైతం, క్రియ తన రూపాన్ని మార్చుకుని చూపే కాలాలు రెండే: భూతం, భూతం కానిది. భవిష్యత్తుకు ఆ భాషలో ప్రత్యేకమైన క్రియారూపం లేదు. 'విల్' అనే మాటకు పూర్వం 'కోరుట' అని అర్థం, 'షల్'కు 'బాకీపడుట' అని. కోరికనీ బాకీనీ అరువు తెచ్చుకుని వాళ్ళు రేపటిని నిర్మించుకున్నారన్న మాట.

ఇక మన రేపటి సంగతి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతోపాటు తద్ధర్మం అనే నాలుగోదాన్ని చెప్పాడు. తద్ధర్మం అంటే స్వభావం, అలవాటు, ఎప్పుడూ జరిగే తీరు. పాత భాషలో 'రాగలడు' అన్నది భవిష్యత్తుకు, 'వచ్చును' అన్నది తద్ధర్మానికి. నేటి వాడుకలో ఆ రెండు పనులూ 'వస్తాడు' ఒక్కటే చేస్తుంది. "రోజూ వస్తాడు", "రేపు వస్తాడు". భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో (1985) ఈ రూపానికి భవిష్యత్తు, అలవాటు అనే రెండు పేర్లనూ జోడించి ఒకే పేరు పెట్టారు. ఈ కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలోనే రైతుల నోటి మాటలు సేకరించిన వ్యవసాయ పదకోశం 1962లో వెలువడింది. వ్యతిరేకంలోనూ ఇంతే. "వాడు మాంసం తినడు" అంటే అలవాటు లేదనీ కావచ్చు, రేపటి విందులో ముట్టడనీ కావచ్చు.

దీన్ని లోపమంటారా? నేను అనను. లాబరేటరీలో ఉప్పు పరీక్ష చేస్తున్నాం. ద్రావణంలో సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి అవక్షేపం వచ్చింది. అమ్మోనియం హైడ్రాక్సైడు పోస్తే కరిగింది. 'కరిగింది' అన్నది నా పరీక్షనాళికలో ఈ పూట జరిగిన సంగతి, నేను సాక్షిని. 'సిల్వర్ క్లోరైడు అమ్మోనియాలో కరుగుతుంది' అన్నది సూత్రం. ఆ సూత్రం నిజమైతే రేపు పోసినా కరుగుతుంది. అలవాటునీ రాబోయేదాన్నీ ఒకే క్రియ చెప్పడం ఇక్కడ ఎంత చక్కగా అమరిందో చూశారా! ప్రకృతి అలవాటు తెలిస్తే రేపు ఏం జరుగుతుందో చెప్పగలం. సైన్సు మొత్తం ఈ ధైర్యం మీదనే నిలబడి ఉంది.

మా నాయనదీ అదే ధైర్యం. మాది వర్షాధారపు ఎర్రనేల. గత ఏడాది వేసవి సెలవుల్లో పంటల వివరాలు రాసుకోవడానికి పైదేశపు పెద్దమనిషి ఒకాయన మా ఊరు వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. ఇంగ్లీషు చదివేవాణ్ణని నన్ను పక్కన కూర్చోబెట్టారు. ఏ పంట వేస్తారని అడిగితే నాయన "చెనక్కాయ వేస్తాం" అన్నాడు. ఆయన కాగితంలో రెండు గళ్ళున్నాయి. ఏటా వేసే పంట ఒకటి, ఈ ఏడు వేయబోయే పంట ఇంకొకటి.

"నాయనా, ఏటా వేస్తామనా, ఈ ఏడు వేస్తామనా?" అన్నాను.

"ఏందిరా ఆ ప్రశ్న? ఏటా వేస్తాం గాబట్టి ఈ ఏడూ వేస్తాం. పదునైతే విత్తనం పడాల్సిందే" అన్నాడు.

రెండు గళ్ళలోనూ వేరుశనగే రాయించాను. తర్వాత వంతు పక్క చేని మామది. ఆయన కాసేపు కండువాతో మొహం తుడుచుకుని "చెనక్కాయ వేసేవాళ్ళం" అన్నాడు. కొడుకులిద్దరూ బెంగుళూరు చేరారు, చేను బీడు పడింది. నాయన ఆయన వైపు చూసి తల దించుకున్నాడు. ఇంగ్లీషులో 'యూజ్డ్ టు' అని చెప్పేశాను గాని, ఆ తెలుగు మాట నన్ను వదల్లేదు. 'వేసేవాళ్ళం' అంటే ఒకప్పుడు వేశాం, ఇప్పుడు లేదు అని. అక్షరాలా చూస్తే మాత్రం వేసే మనుషులం అని! పని పోయింది, మనిషి మిగిలాడు. మాటలో రెండూ ఉన్నాయి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే సామెత తద్ధర్మమే. మృగశిరలో చల్లబడుతుంది, ఆరుద్రలో పదునవుతుంది అన్న లెక్కలూ తద్ధర్మాలే. వాటిని నమ్మే మా ఊరు విత్తనాలు కొంటుంది, అప్పులు తెస్తుంది. కాని అలవాటు తప్పితే? 2023 ఆగస్టు మన దేశంలో 1901 తరువాత అత్యంత తక్కువ వర్షం కురిసిన ఆగస్టుగా లెక్కకెక్కింది. వాన తన అలవాటు మార్చుకుంటే 'పడుతుంది' అన్న మాట రెండుగా చీలిపోతుంది. మామూలుగా పడుతుంది, నిజమే, రేపు పడుతుందా? ఆ చీలికలో మా నాయనలాంటివాళ్ళు నిలబడి ఉన్నారు. కాలాల పట్టికలోని గళ్ళు నాకు ఉత్త గళ్ళుగా కనిపించడం మానేశాయి.

కాలేజీ దరఖాస్తులో తండ్రి వృత్తి రాయమంటారు. "మా నాయన రైతు" అంటాం. ఈ వాక్యంలో క్రియే లేదు, కాబట్టి కాలమూ లేదు. ఇంగ్లీషులోకి మారిస్తే 'ఈజ్' అనో 'వాజ్' అనో తేల్చుకోక తప్పదు. ఆ మాటను 'ఈజ్' గానే ఉంచడానికి నా చదువు ఏమైనా అక్కరకొస్తుందేమో చూడాలన్నది నా ఆశ. ఎలాగో ఇంకా తేలలేదు.

జూనియర్ మిత్రులకు ఒకటి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. గైడు పుస్తకాలు 'సింపుల్ ప్రెజెంట్'ను వర్తమానమని రాస్తాయి. దాన్ని మన తద్ధర్మంగా తలచుకోండి, సగం చిక్కు విడిపోతుంది. 'ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్' అన్నది ఈ క్షణం సంగతి కాదు, సూర్యుడి అలవాటు. ఇప్పుడు జరుగుతున్నదానికి 'ఈజ్ రైజింగ్' ఉండనే ఉంది. 'ఇఫ్' తర్వాత 'విల్' పెట్టబోయేముందు మన 'వాన పడితే' గుర్తు తెచ్చుకోండి. 'పడితే'లో మనమూ భవిష్యత్తు పెట్టం. రెండో సగానికి వదిలేస్తాం. 'హావ్' వాడేటప్పుడు జేబు తడుముకోండి, ఫలితం ఇప్పటికీ అందులో ఉందో లేదో. మన భాష ఏ గీత ఎక్కడ గీసిందో తెలిసినవాడికి పరాయి గీతలు త్వరగా పట్టుబడతాయి. అన్నిటికంటే ముఖ్యం, సెమినారులో ఎవరి 'హావ్' అయినా జారితే నవ్వకండి. అతను చెప్పే ప్రయోగం వినండి.

ఈ సంవత్సరంతో మా బ్యాచి కళాశాల విడిచిపెడుతోంది. మిత్రులారా, వెళ్ళొస్తాం.