రకాబీలు వచ్చాయి, సాలన్ రాలేదు

కరెంట్ పోయినా ఫుప్పీ పాట ఆపలేదు. ఆమెకి కరెంట్‌తో పనేముంది? బయట వాన, లోపల చీకటి, మధ్యలో ఆ సన్నటి ఆవాజ్ అలాగే సాగిపోతోంది. నేను మాత్రం నల్లబడిపోయిన లాప్‌టాప్ స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నా. 'ఖైర్, సెషన్ సేవ్ అయి ఉంటుందిలే' అని దిల్‌కి తసల్లీ చెప్పుకుంటూ.

ఆ తసల్లీ ఎంత ఝూటో తెలియడానికి గంటంబావు పట్టింది.

ఫుప్పీ అంటే మా అబ్బాకి పెద్దక్క. మహబూబ్‌నగర్‌లో ఉంటుంది. ఎనభై దాటాయి. వాళ్ల దాదీ జొన్నలు విసురుతూ పాడిన పాటలు ఆమెకి నోటికొచ్చు. దక్కనీలో వీటిని చక్కీనామా అంటారు. రాట్నం తిప్పుతూ పాడేది చర్ఖానామా. బీజాపూర్ సూఫీల కాలం నుంచి మన దక్కన్ ఆడవాళ్ల నోళ్లలో నలిగిన పాటలివి. చక్కీ తిరిగినంతసేపూ పాట, పాట ఉన్నంతసేపూ చక్కీ. ఇంట్లో ఇసుర్రాయి పోయి బజార్లో గిర్నీ వచ్చాక ఆ పాటలతో ఎవరికి జరూరత్? మా ఖాన్‌దాన్‌లో ఇప్పుడు అవి తెలిసిన మనిషి ఫుప్పీ ఒక్కతే.

'ఫోన్‌లో రికార్డ్ చేసుకోవచ్చు కదా' అని మీరు అడుగుతారని తెలుసు. నేనూ అడిగా. ఫుప్పీ ఒప్పుకోలేదు. "ఆవాజ్ నక్కో రే. అల్ఫాజ్ లిఖ్ లే" అంది. తన గొంతు పరాయి వాళ్ల ఫోన్లలో తిరగడం ఆమెకి ఇష్టం లేదు. అది ఆమె మర్జీ. ఫోన్ జేబులో పెట్టి లాప్‌టాప్ తెరిచా.

ఆ లాప్‌టాప్ సంగతి కొంచెం చెప్పాలి. సెకండ్ హ్యాండ్‌ది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, వైరు పీకితే మెషిన్ ఖతమ్. విండోస్ మీద ఒక్కో ఫైల్ తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. మా భాంజా దాన్ని పట్టుకుపోయి లినక్స్ మింట్ వేసి తెచ్చాడు. అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్. మాషాల్లా, ముసలి గుర్రం మళ్లీ నడిచింది.

నాకు అందులో అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న గడి. లాగౌట్ అయ్యేటప్పుడు అడుగుతుంది: ఈ సెషన్‌ని వచ్చేసారికి దాచి పెట్టనా అని. టిక్ పెడితే మర్నాడు లాగిన్ కాగానే నిన్న తెరిచి ఉంచిన ప్రోగ్రాములు మళ్లీ ప్రత్యక్షం. ఏది ఎక్కడ ఉంటే అక్కడే. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా చదివి, డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్న నాలాంటి వాడికి ఇది ఎంత సుకూనో చెప్పలేను. నా స్క్రీన్ ఎప్పుడూ రెండు ముక్కలు. కుడి పక్క విండోలో ఉర్దూ, కుడి అంచున మొదలై ఎడమకి వస్తుంది. ఎడమ పక్క విండోలో తెలుగు, ఎడమ అంచున మొదలై కుడికి పోతుంది. రెండు జబాన్లూ నడిమధ్యకి వచ్చి ఎదురుపడతాయి. రోజూ ఈ రెండు విండోలనీ లాగి, కొలిచి, సర్దుకునే బాధ ఆ ఒక్క టిక్‌తో పోయింది. ఫుప్పీ ఇంటికి బయల్దేరే ముందు గురువారం రాత్రి కూడా టిక్ పెట్టే లాగౌట్ చేశా.

శుక్రవారం జుమ్మా నమాజ్, భోజనం అయ్యాక ఫుప్పీ పాట మొదలుపెట్టింది. రెండు విండోలూ సిద్ధంగా ఉన్నాయి. అవి ఉత్త టెక్స్ట్ ఎడిటర్లు. లిబర్‌ఆఫీస్ ఆ మెషిన్‌కి బరువని తెరవలేదు. ఫుప్పీ పాడుతోంది, నేను కుడి పక్క అల్ఫాజ్ కొడుతున్నా, తెలియని దక్కనీ మాట వస్తే ఆపి మతలబ్ అడిగి ఎడమ పక్క తెలుగులో రాస్తున్నా. ముప్పావు గంటలో మూడు బంద్‌లు. ఫైల్‌కి ఇంకా పేరు పెట్టలేదు. పాట పేరేంటో తెలిశాక పెడదామనుకున్నా. నాలుగో బంద్ ఎత్తుకోగానే కరెంట్ పోయింది.

అది తిరిగొచ్చి మెషిన్ లేచింది. లాగిన్ అయ్యా. రెండు ఎడిటర్లూ వచ్చాయి. ఒకటి కుడి పక్క, ఒకటి ఎడమ పక్క, అంగుళం తేడా లేకుండా. రెండూ ఖాళీ. తెల్లటి విండోలో కర్సర్ మాత్రం ఆరుతూ వెలుగుతూ. ఫైర్‌ఫాక్స్ తెరిచి, పాత సెషన్ రప్పించా. నేను పొద్దున చూసిన కరెంట్ బిల్లు పేజీ, హలీమ్ వీడియో, క్రికెట్ స్కోరు అన్నీ సలామత్‌గా వచ్చాయి. క్రికెట్ స్కోరు బతికింది, చూశారా.

భాంజాకి ఫోన్ చేశా. నా మాట పూర్తి కాకముందే అడిగాడు, "మామూ, ఫైల్ సేవ్ కరే థే నా?"

"సెషన్ సేవ్ చేశా కదా బేటా!"

కాసేపు మాట్లాడలేదు. పెద్దవాడిని ఏమనాలో తెలియక ఆగాడని అర్థమైంది. తర్వాత చెప్పిన విషయం నా మాటల్లో చెబుతా.

సెషన్ అంటే దస్తర్‌ఖాన్ మీద ఎవరి రకాబీ ఎక్కడుందో రాసి పెట్టుకున్న చీటీ. రకాబీలో ఉన్న సాలన్ సంగతి ఆ చీటీకి తెలియదు. 1994లో వచ్చిన ఎక్స్11ఆర్6తోనే దీనికొక పద్ధతి ఏర్పాటు చేశారు. లాగౌట్ వేళ సెషన్ మేనేజర్ అనే ఇంతెజామ్‌దార్ ఒక్కో ప్రోగ్రామ్ దగ్గరికీ వెళ్లి 'నిన్ను నువ్వు భద్రం చేసుకో' అంటాడు. ఆ ప్రోగ్రామ్ 'నన్ను మళ్లీ పిలవాలంటే ఈ కమాండ్‌తో పిలువు' అని జవాబ్ ఇస్తుంది. తన లోపలి రాతని కూడా దాచుకోవాలా వద్దా అన్నది ఆ ప్రోగ్రామ్ జిమ్మేదారీ. చాలా ప్రోగ్రాములు అంత తక్లీఫ్ తీసుకోవు. కొన్నిటికి ఆ భాషే రాదు, అవి మర్నాడు రానే రావు.

నా అసలు గల్తీ ఇంకోటి. ఈ తతంగమంతా జరిగేది లాగౌట్ అప్పుడు. కరెంట్ పోవడం లాగౌట్ కాదు. ఆ క్షణంలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. నాకు తిరిగొచ్చింది శుక్రవారం సెషన్ కానే కాదు, గురువారం రాత్రిది. శుక్రవారం ఆ మెషిన్‌కి సంబంధించినంతవరకూ జరగనే లేదు.

మరి ఫైర్‌ఫాక్స్‌కి ఎలా తెలిసింది? అది లాగౌట్ కోసం ఎదురుచూడదు. మామూలుగా పదిహేను సెకన్లకోసారి తన హిసాబ్ తను రాసుకుంటుంది. లిబర్‌ఆఫీస్ అయినా పది నిమిషాలకోసారి రికవరీ కాపీ రాసి పెడుతుంది, పేరు పెట్టని ఫైల్‌కి కూడా. బరువని పక్కన పెట్టిందే అక్కరకొచ్చేది.

మూడు బంద్‌లూ అలాగే కావాలంటే హైబర్నేట్ ఒక్కటే దారి. అది ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద స్వాప్‌లోకి రాసి మెషిన్ ఆపేస్తుంది. లేపితే సగం కొట్టిన మాట దగ్గర కర్సర్ నిలబడి ఉంటుంది. అది దేగ్చీని మూతతో సహా దాచడం. కానీ ఉబుంటు, మింట్‌లలో అది మామూలుగా ఆన్‌లో ఉండదు, ర్యామ్‌కి సరిపడా స్వాప్ కూడా కావాలి. నాకు ర్యామ్ నాలుగు జీబీ, స్వాప్ రెండు. పైగా వైరు పీకగానే చచ్చే మెషిన్‌ని ఆ బటన్ నొక్కేదెవరు? సస్పెండ్ ఇంకా దండగ. ర్యామ్‌కి కరెంట్ అందుతున్నంతసేపే దాని ప్రాణం.

అప్పటికీ ఊరుకోలేదు. దాక్కున్న ఫోల్డర్లన్నీ వెతికా. ఎక్స్‌ఎఫ్‌సీఈ తన సెషన్ చీటీని దాచేది హోమ్‌లో డాట్ క్యాష్ అనే ఫోల్డర్ లోపల, సెషన్స్ అన్న చోట. నాకు నవ్వొచ్చింది. క్యాష్ అంటేనే ఎప్పుడు ఊడ్చి పారేసినా ఫరక్ పడదనుకునే చెత్త. జాగా తక్కువైతే జనం ముందు ఖాళీ చేసేది దాన్నే. ఆ చీటీ తెరిచి చూశా. ప్రోగ్రాముల పేర్లు, కమాండ్‌లు, ఎక్కడెక్కడ పెట్టాలో అంకెలు. పాట ముక్క ఒక్కటి లేదు.

రాత్రి అన్నం దగ్గర ఫుప్పీ అడిగింది, "లిఖ్ లియా నా?"

"హౌ ఫుప్పీ. ఉంది" అన్నా.

ఎందుకన్నానో. ఆ వయసులో ఆమె అంతసేపు గొంతు చించుకుంది. పోయిందని చెప్పే హిమ్మత్ రాలేదు. మర్నాడు పొద్దున నమ్మకంగా, "ఫుప్పీ, ఒక్కసారి మళ్లీ పాడవా, తప్పులు సరిచూసుకుంటా" అన్నా. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తకుండా, "తేరేకు దేదియా నా మైం" అంది. నీకు ఇచ్చేశా కదా అని. ఆ మాట ఎంత తేలిగ్గా అందో! ఇన్నేళ్లూ మోసిన మూట దించి నా చేతికిచ్చి భుజం తుడుచుకున్నట్టు. నేను పత్రికలో పనిచేస్తా, రోజూ ఎవరో ఒకరి మాట రాసుకుంటా. అమానత్ అన్న మాట బరువు అంతగా ఎప్పుడూ తగల్లేదు.

హైదరాబాద్ వచ్చాక నా అలవాట్లు మారాయి. ఇప్పుడు బిస్మిల్లా అనుకున్న వెంటనే కంట్రోల్ ఎస్. ముందు ఫైల్‌కి పేరు, తర్వాతే మొదటి అక్షరం. పేరు తప్పైనా పర్వాలేదు, తర్వాత మార్చుకోవచ్చు. బరువైనా సరే లిబర్‌ఆఫీస్‌లోనే రాస్తున్నా. టూల్స్, ఆప్షన్స్, లోడ్ స్లాష్ సేవ్‌లోకి వెళ్లి ఆ పది నిమిషాలని రెండు చేశా. ఇది చదివేవాళ్ల ఇళ్లలో పిల్లలు ప్రాజెక్టులు, పెద్దవాళ్లు షాదీ హిసాబ్‌లు ఇలాంటి పాత మెషిన్ల మీదే రాస్తుంటారు, మీరూ మార్చుకోండి. ఆ రికవరీ కాపీని నమ్మి కంట్రోల్ ఎస్ మానకండి. కేడీఈ ప్లాస్మా వాడేవాళ్లకి సెట్టింగ్స్‌లో మూడు దారులుంటాయి: గత లాగౌట్‌లో ఉన్నవి తెరవడం, మీరు చెప్పి దాచిన సెషన్‌ని తెరవడం, ఖాళీగా మొదలుపెట్టడం. రెండోది ఎంచుకుంటే సెషన్ సేవ్ చేయమని చెప్పే బటన్ మెనూలో వస్తుంది. కొత్తగా వస్తున్న వేలాండ్‌లో ప్రోగ్రామ్ తన విండోని ఫలానా మూల పెట్టమని అడిగే వీలే లేదు, కాబట్టి పాత జాగాల మీద మరీ ఆశ పెట్టుకోవద్దని భాంజా మాట. టిక్ మాత్రం ఇప్పటికీ పెడుతున్నా. రకాబీలు సర్దే పనైనా తప్పుతుంది.

గుర్తున్నంతవరకు రాద్దామని కూర్చుంటే మొదటి బంద్ వచ్చింది. రెండో దాంట్లో సగం. 3 అని అంకె వేసి, కింద ఖాళీ వదిలి, సేవ్ చేశా. ఆ ఫైల్ నెలన్నర అలాగే ఉంది.

కిందటి వారం ఫుప్పీ ఫోన్. మనవరాలి షాదీ ఖాయమైంది. మాంఝేకి ఆడపిల్లలు పాడాలట, ఆ పాట ప్రింట్ తీసుకుని రమ్మంది. ఇక దాచే దారి లేదు. ఆదివారం బస్సెక్కి వెళ్లా. చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. చెప్పేశా. కరెంట్ పోయిందనీ, రాసింది మిగల్లేదనీ, ఆ రాత్రి ఉందని అన్నది ఝూట్ అనీ.

తిడుతుందనుకున్నా. ఆమెకి అర్థం కానిది ఇంకేదో ఉంది.

"కరెంట్ గయే బాద్ భీ గాయీ నా మైం. నువ్వు అక్కడే ఉన్నావు కదా. వినలేదా?"

నా దగ్గర జవాబ్ లేదు. చీకట్లో నాలుగో బంద్, ఆ తర్వాత ఇంకెన్నో, నా ముందే పాడింది. నేను స్క్రీన్ వైపు చూస్తున్నా.

"కాగజ్ లా" అంది.

బ్యాగ్‌లో లాప్‌టాప్ ఉంది, కాగితం లేదు. గోడకున్న క్యాలెండర్‌లో అయిపోయిన నెల చింపి వెనక్కి తిప్పా. ఫుప్పీ కళ్లు మూసుకుని మొదలుపెట్టింది, రెండు మాటలకే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగింది. పక్కనున్న స్టీలు డబ్బా మూత ఒళ్లోకి తీసుకుంది. దాని మీద అరచెయ్యి ఆనించి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది, అటు నుంచి ఇటు, ఇసుర్రాయి తిప్పినట్టే. మాటలు వచ్చాయి. మొదటి బంద్, రెండోది. మూడో దాంట్లో రెండు మిస్రాలు. అక్కడ చెయ్యి తిరుగుతూనే ఉంది గానీ నోరు ఆగింది.

"బాకీ జుమ్మాకి ఫోన్ చెయ్యి. యాదొస్తే చెబుతా" అంది.

రేపు జుమ్మా. క్యాలెండర్ కాగితం మడతపెట్టి కుర్తా జేబులో పెట్టుకున్నా.