గోడమీది పేరు

1973వ సంవత్సరమున నేను ఎనిమిదవ తరగతి చదువుచుండగా మా ఉపాధ్యాయులు మమ్ములను గోలకొండకు విహారయాత్రకై తీసికొనిపోయిరి. ఆనాడు నేనచ్చట చేసిన పని యొకటి యాబది యేండ్లకు పైగా నా మనస్సును కలచుచున్నది. ప్రధానోపాధ్యాయుడనై ఎందరో బాలురకు బుద్ధులు చెప్పితిని గాని, ఈ సంగతి మాత్రము ఎవ్వరికిని చెప్పలేదు. ఇటీవల నా మనుమనితో మరల ఆ కోటకు పోయినపుడు చెప్పవలసివచ్చినది.

గోలకొండ యనగా గొల్లకొండ. కాకతీయుల కాలమున అది మట్టికోట యని చెప్పుదురు. 1518 మొదలు కుతుబ్ షాహీ ప్రభువులకు రాజధానియై, కఠిన శిలలతో కట్టిన మహాదుర్గముగా పెరిగినది. వారిలో ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవుల నాదరించిన రసికుడు. మన కవులాయనను మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించియు, లోపలివాని ద్రోహముచేత తలుపు తెరువబడిన పిదపనే ఈ కోటలో అడుగిడగలిగెను.

మేము బాలాహిస్సారు ద్వారముకడ నిలిచితిమి. తలుపుపైని నెమళ్లను, వింతమృగములను మనుమడు కన్నులప్పగించి చూచెను. ద్వారమంటపము క్రింద చప్పట్లు చరచి, ఆ చప్పుడు కొండకొననున్న వారికి వినబడునని తెలిసి గంతులు వేసెను. కుడిప్రక్కను నగీనా బాగ్ అను తోట కలదు. పచ్చికమీద కొంతసేపు కూర్చుంటిమి. పూర్వము చక్రయంత్రములతో నీటిని ఒక తొట్టినుండి పై తొట్టికి చేర్చి, మట్టిగొట్టముల గుండ పారించి, నాలుగువందల అడుగుల కొండపైని మందిరములకును అందించెడివారట. ఆ గొట్టముల ముక్కలు నేటికిని గోడలలో కానవచ్చును.

మెట్లెక్కుచు త్రోవలో రామదాసు చెరసాలను దర్శించితిమి. రామదాసు చెక్కినవని ప్రసిద్ధి చెందిన సీతారామలక్ష్మణుల రూపములకు నమస్కరించితిమి. పైకెక్కి, మరల దిగి, రాణిమహలు శిథిలములను చేరితిమి. అచ్చటి కమానులపై సున్నముతో దిద్దిన తీగెలు, పువ్వులు ఎంతయో సుకుమారముగా నుండును. నా కాళ్లు నన్నడుగకయే ఒక మూలకు పోయినవి. గోడను తడవుచు వెదకసాగితిని.

“తాతయ్యా! ఏమి వెదకుచున్నారు?” అని మనుమడడిగెను.

“నా పేరు” అంటిని.

అంతట చెప్పక తప్పలేదు. ఆనాడు త్రోవలో దొరికిన మేకుతో ఆ మూలనున్న పువ్వుప్రక్కను నా పేరు చెక్కితిని. మొదటి యక్షరము గీయుచుండగనే పువ్వురేకు ఒకటి ఊడి నా పాదములమీద పడినది. అయినను నేను ఆగలేదు. మిత్రులు చూచి మెచ్చుకొనిరి. గురువుగారు చూడలేదు. ఇట్టి కట్టడములను చెరుపుట 1958 నాటి చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరమని నాకప్పుడు తెలియదు. కాని ఊడిపడిన రేకును చూచినపుడు తప్పని తెలియుటకు చట్టముతో పనిలేదు.

ఇప్పుడచ్చట నా పేరు లేదు. సున్నమంతయు రాలి రాళ్లు బయటపడినవి. పేరుతోపాటు పువ్వును పోయినది. చుట్టును ఎవరెవరివో పేర్లు!

మనుమడు కొంతసేపాలోచించి, “రామదాసు కూడ గోడమీదనే చెక్కెను గదా! మీరు చెక్కిన తప్పేమి?” అనెను.

ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన నాకు వెంటనే జవాబు తోచలేదు. ఒక రాతిపై కూర్చుండి, “నాయనా! చెరలోనున్న వానికి ఆ గోడ తప్ప వేరేమియు లేదు. ఆయన తన పేరును గాక తన దైవమును చెక్కుకొనెను. నా సంచిలో పుస్తకమును కలమును ఉండెను. వ్రాయుటకు చోటులేక నేను వ్రాయలేదు. నలుగురు నన్ను చూడవలెనని వ్రాసితిని. ఈ పువ్వును దిద్దిన పనివాడు దానిక్రింద తన పేరు వ్రాసికొనలేదు. ఎవరో తెలియని ఆ మనుష్యుని పనిని నేను పాడుచేసితిని” అంటిని.

“మరి మీ గురువుగారికి చెప్పితిరా?”

“లేదు.”

“ఇప్పుడు చెప్పరాదా?”

ఆ మాట సూటిగా నా హృదయమున నాటినది. ద్వారమువద్ద చరచిన చప్పట్లు కొండకొనను వినబడినట్లు, పదుమూడవయేట చేసిన పని ఈ వయసున నాకు మరల వినబడినది. నా గురువుగారు నేడు లేరు. ఆయనకు చెప్పవలసిన మాట అట్లే మిగిలిపోయినది. కావున, బాలబాలికలారా! దానిని మీకు చెప్పుచున్నాను.