పోయే వరస, వచ్చే వరస

క్రోషియా సూది పట్టడం వచ్చినవాళ్ళకి ముందుగా ఒక మాట. ట్యునీషియన్ క్రోషియా పేరు వినగానే ఇదేదో కొత్త శాస్త్రం అనుకుని వెనక్కి తగ్గకండి. చెయిను కుట్టు వస్తే ముప్పాతిక విద్య మీ చేతిలో ఉన్నట్టే. అసలు సూది ముట్టనివాళ్ళూ రండి, పక్కన చోటుంది. పాత అలవాట్లు వదిలించుకునే శ్రమ మీకు లేదు కాబట్టి ఒక రకంగా మీదే పైచేయి.

మామూలు క్రోషియాలో ఎంత పెద్ద దుప్పటి అల్లుతున్నా సూది మీద మిగిలేది ఒక్క లూపే కదా. వేసిన కుట్టు వేసినట్టు ముగించి, దించేసి, పక్కదానికి పోతాం. ఇందులో అలా కాదు. కుడి నుంచి ఎడమకి పోతూ ఒక్కో కుట్టులోంచి ఒక్కో లూపు లాగి, దేన్నీ దించకుండా సూది మీదే ఉంచుకుంటాం. వరస చివరికొచ్చేసరికి, బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా, లూపులన్నీ సూది మీద బారులు తీరి ఉంటాయి. అప్పుడు ఎడమ నుంచి కుడికి తిరిగొస్తూ ఒక్కొక్కటే దించుకుంటూ రావాలి. పోయే వరస ఒకటి, వచ్చే వరస ఒకటి, రెండూ కలిస్తేనే ఒక వరస పూర్తయినట్టు. అల్లుతున్న ముక్కని తిప్పే పనే లేదు. మొదటి నుంచి చివరి దాకా మంచి వైపే మన కళ్ళకి ఎదురుగా ఉంటుంది.

ఇన్ని లూపులు నిలబడాలంటే సూది పొడవుగా ఉండాలి. మామూలు క్రోషియా సూదికి బొటనవేలు ఆనడానికి మధ్యలో ఒక చదును ఉంటుందే, అది ఇందులో అడ్డం. ట్యునీషియన్ సూది ఒళ్ళంతా ఒకే లావు. ఒక కొసన కొక్కెం, రెండో కొసన లూపులు జారిపోకుండా ఒక గుండు. వెడల్పయిన శాలువా అల్లాలంటే గట్టి సూది చాలదు, కొక్కెం వెనక వంగే తీగ ఉన్న రకం తీసుకోవాలి. లూపులు తీగ మీదకి జరిగిపోయి బరువు ఒళ్ళో ఉంటుంది, మణికట్టుకి హాయి. మన దేశంలో తయారయ్యే నిట్‌ప్రో వాళ్ళవి కొక్కెం, తీగ విడివిడిగా బిగించుకునేవి దొరుకుతాయి. నేర్చుకోవడానికే అయితే ఇంత ఖర్చు అక్కర్లేదు. ఇంట్లో నున్నగా, చదును లేకుండా ఉన్న మామూలు సూది ఏదైనా ఉంటే దాని వెనక కొసకి రబ్బరుబ్యాండు నాలుగు చుట్లు చుట్టండి. చిన్న ముక్కకి అది చాలు.

సరే, సూది చేతిలోకి తీసుకోండి. 15 చెయిన్లు వేయండి, వదులుగా. సూది మీద ఉన్న లూపు మొదటి కుట్టు కిందే లెక్క. సూది నుంచి రెండో చెయినులో గుచ్చి, ఊలు తగిలించి, లూపు లాగి సూది మీద ఉంచండి. పక్క చెయినులో మళ్ళీ అంతే. చివరికి పోయేసరికి సూది మీద 15 లూపులు ఉండాలి. ఇప్పుడు తిరుగు ప్రయాణం. ఊలు చుట్టి ముందు ఒక్క లూపులోంచే లాగండి. ఎడమ అంచు ఎత్తు నిలబడేది ఆ ఒక్క చెయిను వల్లే. తరవాత నుంచి ఊలు చుట్టడం, రెండేసి లూపుల్లోంచి లాగడం, ఒకే లూపు మిగిలేదాకా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ముక్కని చూడండి. ముందు వైపున నిలువుగా చిన్న చిన్న కడ్డీలు కనిపిస్తాయి, కుట్టుకొక కడ్డీ. రెండో వరస నుంచి మన పనంతా వీటితోనే. సూది కిందే ఉన్న మొదటి కడ్డీని వదిలేసి, రెండోదాని కిందుగా సూదిని కుడి నుంచి ఎడమకి పోనిచ్చి లూపు లాగాలి. ఇలా చివరి దాకా. చివరి కడ్డీ దగ్గర మాత్రం దాని వెనక ఆనుకుని ఉన్న పోగుని కూడా కలిపి పట్టుకోండి, అంచు జడ అల్లినట్టు నీటుగా వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతిలో చతురస్రం కాస్తా త్రిభుజం అవుతుందంటే, ఈ చివరి కడ్డీ కంటపడక వదిలేయడమే కారణం. అందుకే పోయే వరస అయ్యాక ఒకసారి లూపులు లెక్కపెట్టుకోమంటాను. ఇంతే, దీన్నే ట్యునీషియన్ సింపుల్ స్టిచ్ అంటారు.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతికి వస్తాను. నేర్పేవాళ్ళూ, నేర్చుకునేవాళ్ళూ అందరి ధ్యాసా పోయే వరస మీదే. సూది ఎక్కడ గుచ్చాలి, ఊలు ముందు ఉండాలా వెనక ఉండాలా, పేర్లున్న కుట్లు చాలావరకు పోయేటప్పటివే. వచ్చే వరస మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే రకం కాబట్టి దానికి గౌరవం లేదు, ఎవరైనా గబగబా లాగేస్తారు. కానీ బట్ట వెడల్పు తేలేది వచ్చే వరసలోనే. పోయేటప్పుడు లాగిన లూపు ఎత్తునిస్తుంది. రెండు కడ్డీల మధ్య ఎంత ఎడం ఉండాలో వచ్చేటప్పుడు పడే చెయిను నిర్ణయిస్తుంది. దాన్ని బిగిస్తే కడ్డీలన్నీ దగ్గరికి ముడుచుకుని బట్ట అట్టలా బిర్రబిగుస్తుంది. వదులుగా వేస్తే అదే ఊలు, అదే సూది, మెత్తగా వాలిపోయే బట్టనిస్తుంది.

జీవితమంతా సన్నదారంతో లేసు అల్లిన పెద్దావిడ ఒకరు మా వీధిలో ఉన్నారు. నేను అల్లుతుంటే పక్కన కూర్చుని చూసి చూసి, "ఇదేంటమ్మాయ్, ఇన్నేసి పెట్టుకున్నావు సూది మీద, దించవా?" అన్నారు.

"వచ్చేటప్పుడు దించుతాను పిన్నిగారూ" అన్నాను.

"ఏదీ, ఇలా తే."

పోయే వరస ఆవిడ చేతిలో పరుగెత్తింది. కొక్కెం ఎక్కడికి పోవాలో ఆ వేళ్ళకి చెప్పక్కర్లేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బట్ట అక్కడికక్కడే నడుం కట్టినట్టు బిగిసిపోయింది. ఉక్కు సూదితో, సన్న నూలుతో పనిచేసే చేతికి ప్రతి కుట్టునీ బిగించి కూర్చోబెట్టడమే అలవాటు. లేసుకి ఆ బిగువే అందం. ఆవిడే గమనించారు. విప్పేసి, దారం చుట్టిన చిటికినవేలు సడలించి, మళ్ళీ వేశారు. ఈసారి వరస పరుచుకుంది. "వేలుకి కొత్తగా ఉంది" అన్నారు, ముక్క మాత్రం నాకు తిరిగివ్వలేదు, సాయంత్రం దాకా ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

ఈ అల్లికలో అందరినీ విసిగించేది ఒకటుంది. అడుగు అంచు ముందుకి చాపచుట్టలా చుట్టుకుపోతుంది. అది మీ చేతి తప్పు కాదు, కుట్టు కట్టుబడే అంత. కడ్డీ కిందుగానే సూది పోనిస్తాం కాబట్టి వచ్చే వరస చెయిన్లన్నీ వెనక్కి నెట్టుకుపోయి వెనక వైపు బరువెక్కుతుంది, ముందు వైపు లాగుతుంది. దీనికి మందులున్నాయి. మామూలు క్రోషియాకి 4 మిల్లీమీటర్ల సూది వాడే ఊలైతే దీనికి 5.5 గానీ 6 గానీ తీసుకోండి. మొదటి వరస చెయిన్ల పైపోగుల్లో కాక, చెయిను వెనక గూడులా ఉబికే పోగులో అల్లండి. పూర్తయ్యాక తడిపి, కొలత ప్రకారం పరిచి, గుండుసూదులు గుచ్చి ఆరనివ్వండి. నూలుకీ అసలు ఉన్నికీ ఇది బాగా పనిచేస్తుంది. యాక్రిలిక్ నీళ్ళకి లొంగదు, దానికి ఆవిరి పట్టాలి. ఇస్త్రీపెట్టెని పైన అంగుళం ఎత్తున ఆడించండి, ఆనించొద్దు. వేడి మించితే పోగు చచ్చి వేలాడిపోతుంది, ఇక తిరిగి రాదు.

సింపుల్ స్టిచ్ చేతికి వచ్చాక దారులు వాటంతటవే తెరుచుకుంటాయి. సూదిని కడ్డీ కిందుగా కాకుండా, కడ్డీ ముందు పోగుకీ వెనక పోగుకీ మధ్యలోంచి అవతలికి దూర్చి లూపు లాగండి. అది నిట్ స్టిచ్. ముందు నుంచి చూస్తే అచ్చం రెండు సూదుల స్వెట్టరే, పట్టుకుంటే మాత్రం దానికి రెట్టింపు దళసరి. ఊలు ముందుకి తెచ్చి లూపు లాగితే పర్ల్ స్టిచ్, గరుకు గరుకుగా మణికట్టు పట్టీలకి బాగుంటుంది. రెండు కొసలా కొక్కెం ఉన్న సూదితో, రెండు ఉండలతో అల్లితే రెండు వైపులా వేరు వేరు రంగులు. చిన్న చిన్న చతురస్రాలు ఒకదానికొకటి ఏటవాలుగా అతుక్కుంటూ పోయే ఎంట్రలాక్ ఉంది, చూసినవాళ్ళు అతుకుల బొంత అనుకుంటారు, కుట్టిన అతుకు ఒక్కటీ ఉండదు. నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది ఇంకోటి. సింపుల్ స్టిచ్ అల్లిన బట్ట గళ్ళ కాగితం వంటిది. ఒక్కో కడ్డీ మీద ఒక్కో క్రాస్ స్టిచ్ వేసుకుంటూ పోవచ్చు. మన అమ్మల కాలం క్రాస్ స్టిచ్ గ్రాఫులు, ఆ చిలకలూ గులాబీలూ, అటక మీద ఉంటే దించండి.

రెండు సూదుల అల్లికతో పోలిస్తే దీనిలో ధైర్యం ఎక్కువ. అక్కడ ఒక కుట్టు జారిందంటే కింద దాకా నిచ్చెనలా ఊడుతుంది. ఇక్కడ వచ్చే వరస ప్రతి కుట్టునీ తాళం వేసి మరీ వస్తుంది. కరెంటు పోయినా, పొయ్యి మీద పాలు పొంగినా సూది కింద పెట్టి లేవొచ్చు. జారితే ఆ వరస లూపులే జారతాయి.

దీని పాత కథ యూరప్‌ పత్రికల్లో దొరుకుతుంది. 1858లో విక్టోరియా రాణి పెద్ద కూతురు ప్రష్యా రాకుమారుడు ఫ్రెడరిక్ విలియంని పెళ్ళాడింది. అప్పట్లో ఇంగ్లండులో ఈ కుట్టుని ఆవిడ పేరు మీదే, ప్రిన్సెస్ ఫ్రెడరిక్ విలియం స్టిచ్ అని పిలిచారు. 1886లో థెరేజ్ ద దిల్‌మాఁ రాసిన సూదిపనుల విజ్ఞాన సర్వస్వంలోనూ దీనికి చోటుంది. తరవాత అమెరికాలో దుప్పట్ల కుట్టుగా బతికింది. ఈ మధ్య మళ్ళీ దీని వైపు మళ్ళినవాళ్ళలో చాలామందికి దారి చూపింది షారన్ సిల్వర్‌మన్, టోనీ లిప్సీ లాంటివాళ్ళ పుస్తకాలే. లిప్సీ 2021లో తెచ్చిన చేతిపుస్తకం కొత్తవాళ్ళకి నేను మొదట చెప్పేది. బొమ్మలు చూసి అల్లేయొచ్చు.

కొక్కెంతో అల్లడం అన్నాక మన గోదావరి జిల్లా మాట రాకుండా ఎలా ఉంటుంది? నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు పని ఇవాళ్టికీ వేల ఇళ్ళలో సాగుతోంది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు స్త్రీల గురించి రాసిన పుస్తకం చదివాక ఆ లేసుని చూసే చూపు మారుతుంది. రోజంతా వంగి అల్లి విదేశాలకి సరుకు పంపిన ఆ ఆడవాళ్ళని పనివాళ్ళుగా ఎవరూ లెక్కపెట్టలేదు, ఖాళీగా ఉన్న గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని కదా అన్నారు, కూలి కూడా అందుకు తగ్గట్టే ఇచ్చారు. మనం సరదాగా, మన ఇష్టానికి, ఎవరి గడువూ లేకుండా సూది పట్టుకుంటున్నాం. ఆ తేడా మనకి తెలిసి ఉండాలి. లేసు ముక్క కొనేటప్పుడు బేరం ఆడకండి. ఎన్ని గంటలు పడుతుందో సూది పట్టినవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

మరి మన ఎండల్లో ఈ దళసరి అల్లికతో ఏం చేసుకోవాలి అని అడుగుతారు, న్యాయమే. దుప్పట్లూ శాలువాలూ న్యూజెర్సీలోనో టొరంటోలోనో ఉన్న పిల్లల కోసం అల్లండి, అక్కడి చలికి దీన్ని మించింది లేదు. మనకి వంటింట్లో కావలసినంత పని ఉంది. వేడి గిన్నెలు దించే పట్టుగుడ్డలు, టేబులు మీద గిన్నె కింద వేసే చాపలు. వీటికి నూలే వాడండి, యాక్రిలిక్ వేడికి కరుగుతుంది, చెయ్యి కాలుతుంది. సాగని బట్ట కాబట్టి కూరగాయల సంచీకి కూడా భేష్. ఒక సంగతి మాత్రం ముందే గుర్తుంచుకోండి, ఇది ఊలుని బాగా తాగుతుంది. రెండు సూదుల స్వెట్టరు లెక్కన ఉండలు కొంటే సగంలో ఆగిపోతారు, మళ్ళీ కొట్టుకి వెళ్తే అదే రంగు అదే లాటులో దొరకదు.

మొదటి ముక్కకి నల్లదీ, ముదురు నీలందీ కొనకండి, కడ్డీలు కళ్ళకి ఆనవు. బూరు లేని ఊలు, లేత రంగు, వెలుతురున్న చోటు. రంగు మార్చాలనిపిస్తే వచ్చే వరస చివర రెండు లూపులు మిగిలినప్పుడు కొత్త రంగు అందుకుని లాగండి, కుడి అంచున సరిగ్గా మారుతుంది. చాలనుకున్నప్పుడు పోయే వరసలాగే కడ్డీలో గుచ్చి, లాగిన లూపుని సూది మీది లూపులోంచి కూడా లాగేస్తూ చివరి దాకా వెళ్ళి, దారం కోసి, చివరి లూపులోంచి తీసేయండి. మిగిలిన తోకని ఎంబ్రాయిడరీ సూదికి ఎక్కించి వెనక చెయిన్లలో దాచండి, ముందు కడ్డీల్లోకి మాత్రం రానివ్వకండి.