డ్రాఫ్టులో కాలేజీ పేరు, మన రెజ్యూమేలో కాలేజీ పేరు

అమెరికాలో కొన్నాళ్ళు పనిచేసినవాళ్ళకి ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ గురించి నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే పక్క సీటాయన బిల్డ్ పగిలినా పట్టించుకోడు, దాని గురించే మాట్లాడతాడు. తెలియనివాళ్ళ కోసం: పేరు ఫుట్‌బాలే గానీ ఎక్కువ భాగం చేత్తో ఆడే ఆట. 32 జట్లు, 7 రౌండ్లు. కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. పోయినేడు అందరికంటే అధ్వాన్నంగా ఆడిన జట్టుకి మొదటి ఛాన్సు. 1936లో మొదలైన పద్ధతి ఇది. ఆట నాకిప్పటికీ సగమే అర్థమవుతుంది. ఈ ఎంపిక తంతు మాత్రం మొదటి ఏడాదే అర్థమైపోయింది. మన క్యాంపస్ సెలక్షన్లు చూసినవాడికి అర్థం కాకపోవడానికి అందులో ఏముంది?

అక్కడ కూడా కాలేజీ పేరుదే రాజ్యం. అలబామా, ఒహాయో స్టేట్ లాంటి చోట ఆడితే ప్రతి మ్యాచూ టీవీలో వస్తుంది, స్కౌట్లు వెతుక్కుంటూ వస్తారు. జెర్రీ రైస్ ఆడింది మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న కాలేజీలో. 1985 డ్రాఫ్టులో అతనికంటే ముందు ఇద్దరు రిసీవర్లని తీసుకున్నారు, ఇద్దరూ పెద్ద కాలేజీల వాళ్ళే. అతను 16వ వాడు. తర్వాత ఆ స్థానంలో పెద్ద రికార్డులు చాలా అతనివే. కర్ట్ వార్నర్ కథ ఇంకా ఘోరం. నార్తర్న్ అయోవా నుంచి వస్తే 1994లో ఎవరూ తీసుకోలేదు. కొన్నాళ్ళు కిరాణా స్టోర్లో రాత్రి షిఫ్టులో అరలు సర్దాడు. 1999 సీజన్లో లీగులోనే ఉత్తమ ఆటగాడు, ఆపైన సూపర్ బౌల్ కూడా గెలిచాడు. (చాలామంది ఇక్కడ టామ్ బ్రేడీ పేరు చెప్తారు, 2000లో 199వ వాడిగా వెళ్ళాడని. కానీ ఆయన చదివింది మిషిగన్లో. అది పెద్ద కాలేజీయే, ఆ ఉదాహరణ ఇక్కడ పనికిరాదు.)

అలాగని స్కౌట్లని తిట్టడం నాకిష్టం లేదు. వాళ్ళ లెక్కలో ఒక న్యాయం ఉంది. పెద్ద కాలేజీ కుర్రాడు నాలుగేళ్ళూ గట్టివాళ్ళ మీద ఆడి ఉంటాడు. చిన్న కాలేజీవాడు ఎంత బాగా ఆడినా, ఎవరి మీద ఆడాడన్న అనుమానం వస్తుంది. అంటే అక్కడ కాలేజీ పేరు ఆట గురించి ఎంతోకొంత చెప్తుంది.

మరి మన రెజ్యూమేలో కాలేజీ పేరు ఏం చెప్తుంది? పదిహేడో పద్దెనిమిదో ఏట ఆ పిల్లకి ఎంసెట్లో (ఆంధ్రాలో 2021 నుంచి ఈఏపీసెట్ అంటున్నారు లెండి) ఎంత ర్యాంకు వచ్చిందో చెప్తుంది. ఆ తర్వాత నాలుగేళ్ళలో ఏం నేర్చుకుందో చెప్పదు.

ఒక్కోసారి ర్యాంకు కూడా చెప్పదు. మాది ద్రాక్షారామం. భీమేశ్వరుడి గుడి పుణ్యమా అని పంచారామాల టూరు బస్సులన్నీ ఆగుతాయి గానీ, ఉద్యోగాలిచ్చే కంపెనీలు ఆ రోడ్డున వచ్చింది నేను చూళ్ళేదు. మా వైపు ఆడపిల్లల్లో ఎందరికో కాలేజీని నిర్ణయించేది కాలేజీ బస్సు. మా వీధిలో ఒకమ్మాయికి విశాఖలో సీటొచ్చే ర్యాంకే వచ్చింది. దగ్గర్లోనే చేర్పించారు. ఎందుకండీ అనడిగితే వాళ్ళ నాన్నగారు, "ఆయ్, బస్సు మన వీధి చివరే ఆగుద్దండి. చీకటడకుండా ఇంటికొచ్చేత్తది" అన్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. కానీ నాలుగేళ్ళ తర్వాత ఏదో కంపెనీలో ఎవరో ఎక్సెల్లో ఫిల్టర్ పెట్టినప్పుడు, ఆ బస్సు రూటే ఆ అమ్మాయి ప్రతిభ కింద లెక్కలోకొస్తుంది.

ఆ ఫిల్టర్ నా కళ్ళతో చూశాను, అందుకే చెప్తున్నా. ఫ్రెషర్లని తీసుకోవడానికి మా టీములో వందల రెజ్యూమేలొచ్చాయి. షీట్లో మూడు రంగులు: ఐఐటీ, ఎన్ఐటీలు పచ్చ, ఓ పాతిక కాలేజీలు పసుపు, మిగతావన్నీ 'అదర్స్', బూడిద రంగు. బూడిద రంగు వరసలు దాచేసి ఉన్నాయి. తిరస్కరించలేదు, అసలెవరూ చూడలేదు. మా మేనేజర్ని అడిగితే, "రెండ్రోజుల్లో ఇన్ని ఎవడు చదువుతాడు, నువ్వు చదువుతావా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. చివరికి బేరమాడితే ఆ దాచిన వాటిలోంచి పది మందికి అదే కోడింగ్ టెస్టు పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఇద్దర్ని తీసుకున్నాం. ఒకబ్బాయి మూడు నెలలకే మానేసి వెళ్ళిపోయాడు. రెండో అమ్మాయి ప్రొడక్షన్లో ఏదైనా పడిపోతే మేమంతా మొదట ఫోన్ చేసే మనిషి.

ఎన్ఎఫ్ఎల్లో డ్రాఫ్టుకి ముందు ఇండియానాపొలిస్లో కంబైన్ అని పెడతారు. మూడొందల మందికి పైగా పిలిచి, అందర్నీ ఒకే నలభై గజాలు పరిగెత్తిస్తారు. అలబామా అయినా అనామకమైనా స్టాప్‌వాచీ ఒకటే. దానికీ పిలుపు రావాలి, నిజమే. కానీ పిలుపు రానివాడు కూడా డ్రాఫ్టయ్యాక ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకుని ట్రైనింగ్ క్యాంపుకి వెళ్ళొచ్చు. మన దగ్గర 2018లో టీసీఎస్ దేశమంతటికీ ఒకే ఆన్‌లైన్ పరీక్ష, నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్, మొదలెట్టింది. కాలేజీకి కంపెనీ రాకపోయినా పరీక్ష రాయొచ్చు. సూరంపాలెం, కోరంగి, రామచంద్రపురం పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. పరీక్ష తర్వాత ఇంటర్వ్యూ గదిలో మళ్ళీ "ఏ కాలేజీ?" అన్నదే మొదటి ప్రశ్న కాకుండా ఉండాలి, అంతే.

మా దగ్గర ఈ ఏడాది షీట్లో రంగులు తీసేశారు. కాలేజీ కాలమ్ తీసెయ్యమని అడిగాను. తియ్యలేదు గానీ చివరికి, ఫోన్ నంబరు పక్కకి జరిపారు. స్క్రోల్ చేస్తే గానీ కనపడదు. స్క్రోల్ చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారు.